చేతి మీద తారీఖు

రెండు వారాలు ఈ కాలమ్ రాలేదు. 'అన్నా, ఉన్నావా? లేఆఫ్ అయ్యావా?' అని మెసేజ్‌లు పెట్టినవాళ్లందరికీ థ్యాంక్స్. ఉద్యోగం ఉంది. నాన్నకి డెంగీ వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు రోజులు, తర్వాత టౌన్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఆరు రోజులు. నేను నైట్ బస్సెక్కి హైదరాబాద్ నుంచి వచ్చేసి, ల్యాప్‌టాప్‌తో సహా వార్డులోనే కాపురం పెట్టాను. ప్లేట్‌లెట్లు తగ్గాయి, పెరిగాయి, ఇంటికొచ్చేశాం. డెంగీ కథ అక్కడితో సరి.

మిగిలిపోయింది నాన్న కుడిచెయ్యి.

నాన్న టైలరు. దసరా ముందు నెల అంటే మా ఇంట్లో ఎవరూ నాన్నతో మాట్లాడరు, ఆయన మిషన్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడడు కాబట్టి. అలాంటి టైంలో కత్తెర పట్టుకోలేకపోయాడు. డెంగీ వల్ల కాదు. చేతికి పెట్టిన సెలైన్ గొట్టం వల్ల.

దాన్ని క్యాన్యులా అంటారు. చాలామంది అనుకుంటున్నట్టు చేతిలో సూది ఉండిపోదు. సూదితో నరంలోకి దారి చేసి, సూది బయటికి లాగేస్తారు. లోపల మిగిలేది మెత్తటి సన్నటి ప్లాస్టిక్ గొట్టం. బయట కనిపించే రంగుని బట్టి సైజు చెప్పొచ్చు. ఆకుపచ్చది 18 గేజ్, గులాబీ 20, నీలం 22, పసుపు 24. నంబర్ పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఈ నంబరింగ్ ఎవరు పెట్టారోగానీ మా ఆఫీసులో అయితే కోడ్ రివ్యూలో తిప్పి పంపేవాళ్లం.

ఆరు రోజుల్లో నాన్నకి మూడు క్యాన్యులాలు పడ్డాయి. మొదటిది క్యాజువాల్టీలో, కుడి మణికట్టు మడత దగ్గర. ఆ హడావుడిలో 'మీరు ఏ చేత్తో పనిచేస్తారు?' అని ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. చెప్పాలని తెలియదు. చెయ్యి కదిపినప్పుడల్లా సెలైన్ ఆగిపోయేది, రెండో రోజుకి చెయ్యి బూరెలా ఉబ్బింది. రెండోది ఎడమ చేతికి. అది ఒక రాత్రి నిలబడింది. మూడోదానికి ఎడమవైపు నరం దొరకలేదు, మళ్లీ కుడి ముంజేతికే వచ్చారు.

నాలుగో రోజు డాక్టర్ గారు రౌండ్స్‌లో సెలైన్ ఆపేసి, ఇక టాబ్లెట్లు చాలన్నారు. క్యాన్యులా మాత్రం అలాగే ఉంది. అడిగితే, 'ఉండనివ్వండి, ఎందుకైనా మంచిది, డిశ్చార్జ్ అప్పుడు తీసేద్దాం' అన్నారు. మేం కూడా సంతోషించాం. మళ్లీ గుచ్చే బాధ లేదు కదా అని.

ఐదో రోజు రాత్రి రెండింటికి నాన్న చెయ్యి రుద్దుకుంటున్నాడు. నేను పక్క స్టూలు మీద కూర్చుని ప్రొడక్షన్ రిలీజ్ కాల్‌లో ఉన్నాను, మ్యూట్‌లో. ఫోన్ లైటు వేసి చూశాను. పైన తెల్ల ప్లాస్టర్ మూడు వరసలు. లోపల ఏముందో కనిపించదు. ప్లాస్టర్ అంచు దాటాక చర్మం ఎర్రగా ఉంది.

'నొప్పిగా ఉందా నాన్నా?'

'కొంచెం. నువ్వు పని చూసుకో. పాపం ఆ అమ్మాయి ఇప్పుడే కూర్చుంది, లేపకు.'

ఆ అమ్మాయంటే నైట్ డ్యూటీ సిస్టర్. నేను లేపలేదు. రిలీజ్ సక్సెస్ అయింది.

పొద్దున ఏడింటికి డ్యూటీకి వచ్చిన సిస్టర్ చూసిన వెంటనే తీసేశారు. అప్పటికే ముంజేయి మీద ఎర్రగా గీత పాకింది. నరం గట్టిపడింది. ముట్టుకుంటే చర్మం కింద తాడులా తగులుతోంది. నాన్న వేలితో తడిమి చూసుకుని, 'లోపల పైపింగ్ పెట్టి కుట్టినట్టుందిరా' అన్నాడు. దీన్ని ఫ్లెబైటిస్ అంటారు, అంటే నరానికి వాపు. ప్రాణం మీదికి రాలేదు. కానీ మూడు వారాలు ఆ చేత్తో గట్టిగా ఏదీ పట్టుకోలేకపోయాడు.

నాకు మామూలు కోపం రాలేదు. మేనేజ్‌మెంట్‌కి కంప్లైంట్ రాద్దామని కూర్చుని, ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేసి, బగ్ రిపోర్ట్‌లా మొదలుపెట్టాను. ఒక సిస్టర్ మందు ఎక్కించే ముందు మూతిని స్పిరిట్ దూదితో బాగా రుద్దారు, ఇంకొకరు నేరుగా సిరంజీ పెట్టేశారు. ఒకరు మందు తర్వాత సెలైన్‌తో లైన్ కడిగారు, ఇంకొకరు కడగలేదు. ఒకరు చెయ్యి నొక్కి 'నొప్పి ఉందా తాతా?' అన్నారు, మిగతావాళ్లు బాటిల్ చూసి వెళ్లిపోయారు. ఒకరు 'మూడు రోజులకి మార్చేయాలి' అన్నారు, ఇంకొకరు 'బాగున్నంతకాలం మార్చక్కర్లేదు' అన్నారు. ఒకే వార్డు, ఒకే చెయ్యి. షిఫ్టుకో పద్ధతి. సర్వర్లలో దీన్ని కాన్ఫిగ్ డ్రిఫ్ట్ అంటాం. ఒకేలా ఉండాల్సిన పది మెషీన్లు, తలా ఒకరు తలా ఒకసారి చెయ్యి పెట్టడం వల్ల పది రకాలుగా తయారవడం.

పంపే ముందు మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశాను. అక్క ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో నర్సు. ఫొటోలు చూసి అయ్యో బాబాయ్ అంది. నోట్స్ అంతా చదివి వినిపించాను. వాళ్లని తిడుతుందనుకున్నాను. ప్రశ్నలు వేసింది.

'నైట్‌లో సిస్టర్లు ఎంతమంది?'

'ఇద్దరు.'

'పేషెంట్లు?'

'ఇరవై ఎనిమిది. నిద్ర పట్టక లెక్కపెట్టాను.'

'ప్లాస్టర్ తెల్లదా, ట్రాన్స్‌పరెంట్‌దా?'

'తెల్లది.'

'ట్రాన్స్‌పరెంట్ డ్రెస్సింగ్ తెమ్మని నీకు చీటీ రాయలేదా?'

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు చీటీ ఇచ్చారు, కింద ఫార్మసీకి వెళ్లాను. అన్నీ ఇచ్చి, 'అదొక్కటి స్టాక్ లేదన్నా, ప్లాస్టర్ రోల్ తీస్కో' అన్నాడు కుర్రాడు. సరే అన్నాను. నాన్న చేతిమీద కిటికీ ఉండాల్సిన చోట గోడ కట్టింది ఒకరకంగా నేనే.

'అంటే వాళ్ల తప్పేం లేదా?' అన్నాను.

'ఉంది. ప్లాస్టర్ దాటాక ఎరుపు కనిపిస్తోందంటే అది ఒక గంటలో వచ్చింది కాదు. సాయంత్రం షిఫ్టులో ఎవరో ఒకరు చూసి ఉండాలి. కానీ ఒరేయ్, వాళ్లకి తెలియక కాదు. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి పరీక్ష పెడితే నీకంటే బాగా రాస్తారు. తెలిసింది రోజూ, ప్రతి మంచం దగ్గరా, ప్రతి షిఫ్టులో ఒకేలా జరగాలంటే తెలిస్తే చాలదు.'

ఆ మాట పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను. (రిలీజ్ అయిపోయింది కదా, ఆఫీసులో ఖాళీ.) మొదట ఆ మూడు రోజుల గొడవ. ఇద్దరు సిస్టర్లలో ఎవరు కరెక్ట్? ఇద్దరూ కరెక్టే, అదే చిక్కు. 72 నుంచి 96 గంటలకి మార్చేయాలన్నది చాలా ఏళ్లుగా ఉన్న రూల్. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో 3,283 మంది పేషెంట్లతో ఒక ట్రయల్ చేశారు, 2012లో లాన్సెట్‌లో వచ్చింది. సగం మందికి రూల్ ప్రకారం మార్చారు, సగం మందికి తేడా కనిపిస్తేనే మార్చారు. రెండు గుంపుల్లోనూ ఫ్లెబైటిస్ 7 శాతమే. మరి ఊరికే గుచ్చడమెందుకు అని చాలాచోట్ల పాత రూల్ వదిలేశారు.

స్విట్జర్లాండ్‌లోని జెనీవా యూనివర్సిటీ ఆసుపత్రులు కూడా 2018లో అలాగే మారాయి. అక్కడ కథ అడ్డం తిరిగింది. క్యాన్యులా వల్ల రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకిన కేసులు, మామూలుగా చాలా అరుదైనవి, పెరిగాయి. పాత రూల్‌కి వెనక్కి వెళ్లాక తగ్గాయి. మా భాషలో రోల్‌బ్యాక్. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచింది ఇది. 'తేడా కనిపిస్తే మార్చు' అనే రూల్‌లో ముఖ్యమైన మాట 'మార్చు' కాదు, 'కనిపిస్తే'. ఎవరో ఒకరు ప్రతి షిఫ్టులో చూస్తేనే కనిపిస్తుంది. ట్రయల్‌లో చూడ్డానికి ప్రత్యేకంగా మనుషులుంటారు. మామూలు వార్డులో రాత్రి రెండింటికి ఎవరుంటారు? మ్యూట్‌లో ఉన్న నేను.

అసలు ప్రపంచమంతా ఇంతేనా అని ఇంకాస్త వెతికాను. 51 దేశాల్లో 406 ఆసుపత్రుల్లో 40,620 క్యాన్యులాలని పరిశీలించి 2018లో ఒక రిపోర్టు ఇచ్చారు. వాటిలో 14 శాతం ఊరికే చేతికి ఉన్నాయి, వాటి ద్వారా ఎక్కించాల్సిన మందే లేదు. నాన్నది అచ్చంగా అదే. మూడింట ఒకవంతుకి పైగా క్యాన్యులాలకి, ఆ చోటు ఎలా ఉందో చూసినట్టు ఎక్కడా రాసిపెట్టలేదు. అంటే మా టౌన్ ఆసుపత్రి ఒక్కటే చెడ్డదేం కాదు. ఇది తెలిశాక నాకు ఊరట కలిగిందో భయమేసిందో చెప్పలేను. ఆసుపత్రిలో చేరినవాళ్లలో 70 శాతం దాకా ఎప్పుడో ఒకప్పుడు క్యాన్యులా పెట్టించుకుంటారని డబ్ల్యూహెచ్‌వో చెబుతోంది. అంత మామూలు వస్తువు మీద డబ్ల్యూహెచ్‌వో మొట్టమొదటి ప్రపంచవ్యాప్త గైడ్‌లైన్స్ వచ్చింది 2024 మే నెలలో. అంతవరకూ దీన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదనే నా అనుమానం.

చూడటానికి ఒక కొలత కూడా ఉంది. ఇంగ్లండ్‌లోని రోథర్‌హామ్‌లో పనిచేసే ఆండ్రూ జాక్సన్ అనే నర్సు 1998లో ప్రచురించిన వీఐపీ స్కోరు. మన టోల్‌గేట్ దగ్గరి వీఐపీ కాదు, విజువల్ ఇన్‌ఫ్యూజన్ ఫ్లెబైటిస్. 0 నుంచి 5 దాకా. అంతా బాగుంటే 0. కాస్త నొప్పి గానీ కాస్త ఎరుపు గానీ ఉంటే 1, కనిపెట్టుకుని ఉండాలి. నొప్పి, ఎరుపు, వాపు, ఈ మూడింట్లో రెండు ఉంటే 2, ఇక ఆగకుండా తీసేసి, అవసరమైతే వేరేచోట పెట్టాలి. రాత్రి రెండింటికి నాన్న చెప్పిన 'కొంచెం' నొప్పి ఒకటి, నేను ఫోన్ లైటులో చూసిన ఎరుపు ఒకటి. స్కోరు 2. నేను రిలీజ్ స్టేటస్‌లో గ్రీన్ టిక్ పెడుతున్న టైంలో.

సరే, ఇంజనీర్‌ని కదా. అక్కకి మళ్లీ ఫోన్ చేసి ఐడియా చెప్పాను. యాప్. ప్రతి మంచానికీ క్యూఆర్ కోడ్, ఆరు గంటలకోసారి రిమైండర్, స్కోరు కొడితేగానీ ఆగని అలారం.

అక్క నవ్విన నవ్వుకి పక్కన ఎవరో ఏమైందని అడిగారు. 'ఇప్పటికే మానిటర్ మోగుద్ది, పంప్ మోగుద్ది, ఫోన్ మోగుద్ది. నువ్వు ఇంకోటి మోగిస్తావా? నాలుగో రోజుకి అందరూ చూడకుండానే 0, 0, 0 కొట్టేస్తారు. నేనైనా కొడతాను.'

నిజమే. మేం చూడకుండా మూసేసే అలర్ట్‌ల లెక్క తీస్తే మా మేనేజర్ ఏడుస్తాడు.

తర్వాత వాళ్ల వార్డులో చేసింది చెప్పింది. వినడానికి ఏమీ లేదు, అంత చిన్నవి. ఒకటి, ట్రే. బ్యాండు, స్కిన్ క్లీన్ చేసే స్వాబ్‌లు, క్యాన్యులా, కిటికీ ఉన్న డ్రెస్సింగ్, సెలైన్ సిరంజీ, పెన్ను, అన్నీ ఒకే ట్రేలో సర్ది ఉంచుతారు. అంతకుముందు ఒక్కోటి ఒక్కో అల్మారాలో ఉండేది, దొరికినదాన్నిబట్టి పద్ధతి మారేది. డ్రెస్సింగ్‌ని పేషెంట్ చీటీ మీద తెప్పించడం మానేసి వార్డు స్టాక్‌లో పెట్టించారు. దీనికి ఇన్‌చార్జ్ సిస్టర్ బిల్లింగ్ వాళ్లతో నాలుగు నెలలు పోట్లాడిందట. ఇక పెన్ను దేనికంటే, డ్రెస్సింగ్ మీద పెట్టిన తారీఖు, టైమ్ రాయడానికి. 'మీ నాన్న షాపులో ప్రతి గుడ్డముక్కకీ చీటీ ఉండదూ, అట్లాగే' అంది. అవును, పేరు, కొలతలు, ఇవ్వాల్సిన తారీఖు. నలభై ఏళ్లుగా ఒకరి జాకెట్టు ఒకరికి ఇచ్చింది లేదు.

అన్నింటికంటే పనిచేసింది డ్యూటీ మారేటప్పటి హ్యాండోవర్ అంది. అంతకుముందు నర్సింగ్ స్టేషన్ దగ్గర కుర్చీలో కూర్చుని రిజిస్టర్ చూసి అప్పజెప్పేవాళ్లు. ఇప్పుడు వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ఇద్దరూ కలిసి మంచం మంచం తిరుగుతారు. దుప్పటి తీసి చెయ్యి చూస్తారు, వేలితో మెల్లగా నొక్కుతారు, ఒక ప్రశ్న అడుగుతారు, 'ఇది ఇంకా కావాలా?' అని. నాలుగు కళ్లు చూస్తాయి కాబట్టి ఎర్రగా ఉన్నది వదిలేసి వెళ్లడం కష్టం. తీయాల్సింది ఉంటే వెళ్లేవాళ్లే తీసి వెళ్లాలి. కొంచెం లేటవుతుంది, బస్సు మిస్సవుతుంది, తిట్టుకుంటారు.

'మరి సూపర్ కదా! ప్రాబ్లం సాల్వ్డ్.'

'ఏం సాల్వ్డ్? ఇన్‌చార్జ్ సిస్టర్ వేరే వార్డుకి మారింది. రెండు నెలలు తిరగ్గానే మళ్లీ కుర్చీలో హ్యాండోవర్.'

ఇక్కడ నాకు ఇంకో కథ గుర్తొచ్చింది. మా ఆఫీసులో సగం మంది షెల్ఫుల్లో ఉండే పుస్తకం, అతుల్ గవాండే రాసిన చెక్‌లిస్ట్ మేనిఫెస్టో. ఆయన కూడా ఉన్న టీమ్, ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో కాన్పుల కోసం డబ్ల్యూహెచ్‌వో చెక్‌లిస్ట్ మీద పెద్ద ట్రయల్ చేసింది, 2017లో ఫలితాలొచ్చాయి. సగం చోట్ల కోచ్‌లు పదేపదే వచ్చి నర్సుల పక్కనుండి నేర్పించారు. రెండు నెలలకి అక్కడ చేయాల్సిన పనుల్లో 72.8 శాతం జరిగాయి, కోచింగ్ లేనిచోట 41.7 శాతమే. కోచ్‌లు వెళ్లిపోయాక, పన్నెండో నెలకి 61.7కి జారింది. తల్లుల, పిల్లల ప్రాణాల లెక్కలో మాత్రం రెండువైపులా తేడా రాలేదు. చెక్‌లిస్ట్ అంటే చెవి కోసుకునే మా జాతికి ఇది మింగుడుపడదు. నాకు నచ్చింది ఏంటంటే, ఆ ఫలితాన్ని దాచకుండా ఆ టీమే ప్రచురించింది.

'మరి మీ వార్డులో ఇప్పుడు?' అన్నాను.

ఇప్పుడు మళ్లీ మంచాల దగ్గరే జరుగుతోందట. ఈసారి పైనుంచి ఎవరూ చెప్పలేదు. ప్రతి సోమవారం వాళ్లలో వాళ్లే వంతులేసుకుని, పది మంచాలు ఏవో తీసుకుని లెక్క చూస్తారు. తారీఖు ఉందా, కిటికీ శుభ్రంగా ఉందా, అవసరం లేకపోయినా ఉండిపోయిందా. పదికి ఎన్నో బోర్డు మీద రాస్తారు. ఎవరు పెట్టిన క్యాన్యులా అన్న పేరు మాత్రం రాయరు. ఒకసారి ఎవరో పేరు రాస్తే, ఆ వారం నుంచి అందరి లెక్కలూ పదికి పది వచ్చాయట. అందుకని పేర్లు తుడిచేశారు. పోయిన సోమవారం పదికి ఏడు. 'ఏడేనా?' అన్నాను. 'నిజమైన ఏడు' అంది అక్క.

ఇంతకీ కంప్లైంట్ పంపలేదు. వేరే ఉత్తరం రాశాను. నాన్నని రివ్యూకి తీసుకెళ్లినప్పుడు వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్‌ని కలిసి చూపించాను. ఆవిడ మొదట భయపడ్డారు, చదివాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. 'బాబూ, ఆ డ్రెస్సింగ్ కోసం నేను మూడుసార్లు ఇండెంట్ పెట్టాను. ఇది మీ సంతకంతో పైకి ఇవ్వండి. పేషెంట్ వైపు నుంచి వెళ్తే వింటారేమో' అన్నారు. ఇచ్చాను. ఇవాళ్టికి జవాబు రాలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే, పని చేసే చెయ్యి ఏదో ముందే చెప్పండి. నొప్పిగా ఉందంటే సిస్టర్‌ని లేపండి, ఏమీ అనుకోరు. అనుకున్నా లేపండి. సెలైన్ ఆపేశాక గొట్టం ఇంకా ఎందుకుందో అడగండి, మీరే పీకేయకండి. నాన్నకిదంతా చెబితే, 'అయితే ఆ రోజు ఆ అమ్మాయిని లేపాల్సింది' అన్నాడు. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

దసరా ఆర్డర్లలో పదకొండు జాకెట్లు ఎదురు షాపుకి ఇచ్చేశాడు. నిన్న ఫోన్ చేస్తే కత్తెర పట్టానన్నాడు. జాకెట్లకి కాదట, లుంగీ అంచులకి.